నేను వేసిన మా మామగారి ఓటు

దాదాపు ఐదేళ్ళుగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. అది రోజంతా గుర్తుండదు. పాపకు జడ వేస్తున్నప్పుడో, తాలింపు పెడుతున్నప్పుడో ఉండదు. మా మామగారు "అమ్మా" అని పిలిచినప్పుడు మాత్రం వచ్చి నిలబడుతుంది. పిలిచిన ప్రతిసారీ ఒక్క క్షణం, తెలిసిపోయిందేమో అనిపిస్తుంది. ఆయన అడిగేది మంచినీళ్ళే.

విషయం ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచి చెబితే అదీ ఇంకో దాపరికమే అవుతుంది. చూపు లేని మా మామగారు ఎన్నికల్లో తన ఓటును నా చేత వేయించారు. ఆయన చెప్పిన చోట నేను నొక్కలేదు.

ఒక్క ఓటేగా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఓట్లు లెక్కపెట్టిన రోజు వరకూ అలాగే అనిపించింది.

ఊరి పేరు రాయను. కర్ణాటకలోని బాగేపల్లిలో గూళూరు వైపు పోయే బస్సు ఎక్కితే దారిలో వస్తుంది, అంతవరకు చాలు. మాది వ్యాపారం చేసుకునే ఇల్లు. మామగారికి చిల్లర కొట్టు ఉండేది. నేను చింతామణి నుంచి కోడలిగా వచ్చేసరికి కొట్టు మూతపడింది, అత్తగారు పోయి రెండేళ్ళయింది, షుగరు వల్ల మామగారి రెండు కళ్ళూ పోయాయి. నేను బీకాం చదివాను. ఉద్యోగం చేయాలనుకున్నాను, పాప పుట్టింది, చేయలేదు. నా భర్త పక్క తాలూకాలో గెస్ట్ లెక్చరరు. ఏటేటా కొత్త జాబితా వేస్తారు. అందులో పేరుంటే ఆ ఏడాదికి ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. జూన్ వస్తే మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

మామగారికి కొట్టుకంటే పార్టీ ఎక్కువ. గుడినీ, ఇంటి మర్యాదనూ, దేశాన్నీ నమ్ముకున్నవాళ్ళ పార్టీ అని చెప్పేవారు. జెండా పట్టుకోవడానికి మనిషి దొరకని రోజుల్లో ఆయన, ఆయన స్నేహితుడు అశ్వత్థప్ప కలిసి మైదా పిండి ఉడకబెట్టి గోడలకు పోస్టర్లు అంటించారట. ఎన్నికల రోజు మతగట్టెలో, అంటే పోలింగ్ బూత్‌లో, పార్టీ ఏజెంట్లుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరే కూర్చునేవాళ్ళట. డిపాజిట్ పోయిన ప్రతిసారీ బాగేపల్లికి పోయి మసాలా దోసె తిని వచ్చేవాళ్ళట, గెలిచినోళ్ళే తినల్లనా ఏంది అని. ఈ కథ మా ఇంట్లో నేను ఎన్నోసార్లు విన్నాను. ప్రతిసారీ దోసె దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్ళు.

అశ్వత్థప్పగారు కన్నడ బడిలో పనిచేసి రిటైరైన అయ్యవారు. గుడి సేవ చేసుకునే కుటుంబం. మామగారికి చూపు పోయిన నాటినుంచి రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని పేపరు చదివి వినిపించేవారు. పేపరు కన్నడంలో ఉంటుంది, ఆయన తెలుగులో చెప్పేవారు, మధ్యలో తన మాటలు కలిపేవారు. ఏది పేపరులోదో ఏది ఆయనదో కనిపెట్టడం మామగారికి ఒక ఆట. వంటింట్లోకి వాళ్ళ నవ్వు వినిపించేది. చంటిపిల్లతో నిద్రలేక, తల దువ్వుకోవడానికి కూడా టైము లేక ఉన్న నాకు, ఆ నవ్వు వింటే ఇంట్లో మనుషులు ఉన్నారనిపించేది.

ఆ ఏడాది పార్టీ టికెట్టు ఎవరికిచ్చిందో తెలిసిన రోజు మాత్రం నవ్వు లేదు.

అతనికి రాతి క్వారీలున్నాయి. నామినేషన్ వేయడానికి మూడు వారాల ముందు వరకు ఎదుటి పార్టీలో ఉన్నాడు. ఒకప్పుడు వేదిక ఎక్కి మా పార్టీ వాళ్ళ ఊరేగింపును వెక్కిరించినవాడు. ఇళ్ళు రెండు, భార్యలు ఇద్దరు అని ఊరంతా చెప్పుకునేది. బెంగళూరులో ఎవరో కూర్చుని, ఇతనైతే గెలుస్తాడు అని రాసేశారు. ఇన్నేళ్ళు పనిచేసిన స్థానికుణ్ణి ఒక్కరినీ అడగలేదు.

అతను ప్రచారానికి మా ఇంటికీ వచ్చాడు. పాతవాళ్ళ కాళ్ళకు మొక్కితే మంచిదని ఎవరో చెప్పి ఉంటారు. అరుగెక్కి మామగారి కాళ్ళు ముట్టుకుని, ఫోటో తీయించుకుని, ప్రేమగానే అడిగాడు, "పెద్దాయనా, మీరు మామూలుగా ఏ పార్టీకి వేస్తారు?" అని.

మామగారు మెల్లగా అన్నారు. "నాకంటే కండ్లు లేవప్పా. నీకేమైంది?"

వెంట వచ్చినవాళ్ళు నవ్వి కప్పేశారు. అతనికి అర్థం కాలేదు. మామగారు ఆ సాయంత్రం అన్నం తినలేదు.

మర్నాటి నుంచి మా అరుగు మీద ఐదారుగురు పెద్దవాళ్ళు చేరేవారు. అందరూ పాతకాలం పార్టీ వాళ్ళే. అందరిలోనూ ఒకే కోపం, ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఎదుటి పార్టీకి వేయడానికి వాళ్ళకు చెయ్యి రాదు. ఇతనికి వేయడానికి మనసు రాదు. గుర్తు చూసి వేసేద్దాం, మనిషిని చూడొద్దు అని ఇద్దరు అన్నారు. ఆ రోజు పెళ్ళికి పోతున్నామని చెప్పి ఊరు దాటేద్దామని ఒకాయన అన్నాడు. నేను పాపను ఒళ్ళో వేసుకుని గడప లోపల కూర్చుని వినేదాన్ని. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడగాలని నేనూ అనుకోలేదు అనే ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అది నిజమేనా? దీని దగ్గరకు మళ్ళీ వస్తాను.

చివరికి మామగారు నోటా అన్నారు. మిషన్లో అందరికంటే కింద ఉండే బటను, పైవాళ్ళెవరూ వద్దు అని చెప్పేది. దానివల్ల ఏం లాభం అని ఒకాయన అడిగితే మామగారు చెప్పిన మాట నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

"ఇంట్లో కూచుంటే నేను సచ్చినానో బతికుండానో వాళ్ళకు యాడ తెలుస్తాది? నోటా పడితే, ఈ ఊర్లో ఒకడు లేసి వచ్చి, వరసలో నిలబడి, ఈ మనిషి నాకొద్దన్నాడని కాగితం మింద ఉంటాది. అంతే నాకు కావాల్సింది."

"నేనూ అదే నొక్కుతా," అన్నారు అశ్వత్థప్పగారు. "ఇద్దరమైనా ఉంటాము. పోయినసారి నీకు తోడు దోసెకు రాలేదా?"

మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా జారుకున్నారు. గుర్తుకే వేస్తామని చెప్పే వెళ్ళారు, దాచలేదు. నోటా అని మిగిలింది ఇద్దరే.

మా వీధికి పార్టీ తరఫున బాధ్యత చూసే రామాంజి ఒక మధ్యాహ్నం వచ్చాడు. మామగారు పడుకుని ఉన్నారు, నా భర్త కాలేజీకి పోయాడు. గుమ్మంలోనే నిలబడి, పాప బాగుందా అని అడిగాడు. పాపకు జ్వరంతో ఫిట్స్ వచ్చినప్పుడు చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది ఇతని కారులోనే. ఆ కృతజ్ఞత నాకుంది. తర్వాత నవ్వుతూనే అన్నాడు. "మామ నోటా అంటాండారంట గదా వదినా. లెక్క మతగట్టె మతగట్టెకూ వస్తాది. ఈడ ఒకటి పడినా రెండు పడినా ఎవురివో మాకు తెలీదా? అన్న పని జూన్‌లో గదా మళ్ళీ ఏసేది?"

అంతే అన్నాడు. బెదిరించలేదు. మజ్జిగ తాగి వెళ్ళాడు.

ఈ మాట నేను నా భర్తకు చెప్పలేదు. చెబితే మామగారికి చెప్పేవాడు, మామగారు ఇంకా మొండికేసేవారు అని అనుకున్నాను. ఆ వారం రోజులు నేను నిద్రపోలేదు. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం, మళ్ళీ పడుకోవడం, మళ్ళీ లేచి చూడటం. అప్పట్లో నాకు అన్ని భయాలూ కలిసి ఒకే భయంగా ఉండేవి. జాబితాలో పేరు రాకపోతే, పాపకు మళ్ళీ ఫిట్స్ వస్తే, అప్పుడు కారు రాకపోతే.

ఎన్నికల రోజు పొద్దున నా ఓటు నేను వేసి వచ్చాను. అది మామగారికి ఇష్టం లేని గుర్తుకే వేశాను. అది నా ఓటు, దాని గురించి నాకు బాధ లేదు. పదకొండింటికి మామగారిని తీసుకుని మళ్ళీ పోయాను. చూపు లేనివాళ్ళకు తోడుగా ఒకరు లోపలికి రావచ్చు. తోడు వచ్చినవాళ్ళు ఒక కాగితం మీద సంతకం చేయాలి, ఈ ఓటు గుట్టుగా ఉంచుతానని. చేశాను. మామగారి ఎడమ చూపుడువేలికి సిరా పూసి, నా కుడి చూపుడువేలికి కూడా పూశారు. ఎడమ వేలికి పొద్దున్నే పూశారు కాబట్టి నాకు రెండు చేతులకూ సిరా ఉంది. అక్కడున్న ఆఫీసరమ్మ చూసి, ఏమ్మా రెండు ఓట్లు వేసేస్తున్నావు అని తమాషాగా అంది. నేనూ నవ్వాను.

అట్ట చాటున మిషను ముందు నిలబడ్డాం. మామగారి చెయ్యి నా భుజం మీద ఉంది. ఆయన చెవి దగ్గర చెప్పారు, "చివరిదమ్మా." తెలుసు మామా అన్నాను.

రెండో బటను నొక్కాను. క్వారీ అతనిది.

పక్కనున్న పెట్టె అద్దంలో చీటీ కనిపించింది. ఎవరికి పడిందో చూసుకోవడానికి అది ఏడు సెకన్లు నిలబడుతుంది. పేరు, గుర్తు స్పష్టంగా ఉన్నాయి. ఆ ఏడు సెకన్లలో నేను గట్టిగా ఏదైనా అనవచ్చు, పొరపాటైంది అని అరవవచ్చు. చీటీ తెగి లోపల పడింది. బీప్ అని పొడుగ్గా శబ్దం వచ్చింది. మామగారు అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలారు.

బయటికి వచ్చాక బడి మెట్ల మీద ఆగారు. "యాభై ఏండ్లలో ఇదే తొలిసారమ్మా పార్టీకి ఎదురు ఏసింది. చూడు, కాళ్ళు వణుకుతాండాయి," అన్నారు. నిజంగానే వణుకుతున్నాయి. నేను ఆయన్ను గట్టిగా పట్టుకున్నాను. నా చెయ్యి వణకలేదు.

అదే నన్ను ఇప్పటికీ తినేస్తున్నది. భయంతో చేశాను అని ఎన్నిసార్లు చెప్పుకున్నా, భయంతో చేసే పనికి చెయ్యి వణకాలి కదా? నేను తాపీగా నొక్కాను. నిజంగా భయమే అయితే, ముందురోజు మామగారి దగ్గర కూర్చుని, మామా ఇలా అన్నాడు రామాంజి, మన పరిస్థితి ఇది అని చెప్పి ఉండవచ్చు. ఆయన వినే మనిషే. పాప కోసం అంటే విని ఉండేవారేమో. నేను అడగనే లేదు. ఎందుకు? లోపలెక్కడో నాకు, ఈ ముసలాయన పంతం ఏమిటి, ఒక నోటాతో ఎవరికి బుద్ధి వస్తుంది, చదువుకున్నదాన్ని నాకు తెలియదా ఏది మంచిదో, అనే విసుగు ఉంది. పెళ్ళయిన నాటినుంచి ఆ అరుగు మీద దేశం గురించి మాట్లాడినవాళ్ళెవరూ గడప లోపల కూర్చున్న నన్ను ఒక్కమాట అడగలేదు. ఆ రోజు ఆ అట్ట చాటున, ఆ ఇంటి పెద్ద ఓటు నా వేలి కింద ఉంది. అలా ఉండటం నాకు నచ్చిందా? నచ్చింది అని రాయడానికి ఇంత సేపు పట్టింది. కొంచెం నచ్చింది.

ఓట్ల లెక్కింపు అయిపోయింది. క్వారీ అతను ఓడిపోయాడు. చాలా తేడాతో ఓడిపోయాడు. మామగారు అందుకు సంతోషించలేదు, విచారించలేదు. మా మతగట్టె లెక్క ఎప్పుడొస్తుందని మాత్రం నా భర్తను అడుగుతూ ఉన్నారు. రెండు రోజులకు ఎవరో ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోనుకు పంపారు. పొద్దున పూట. అశ్వత్థప్పగారు పేపరు పట్టుకుని అరుగు మీద ఉన్నారు. నా భర్త నిలబడి ఒక్కొక్క పేరూ, దాని ఎదురుగా ఉన్న ఓట్లూ చదివాడు. అన్నిటికంటే చివర, నోటా, ఒకటి.

"ఒకటా?" అన్నారు మామగారు.

మళ్ళీ చూసి ఒకటే అన్నాడు నా భర్త.

అశ్వత్థప్పగారు తమాషా అనుకుని నవ్వారు. రెండుండల్ల గదా, నాదొకటీ నీదొకటీ అన్నారు. తర్వాత మామగారి మొహం చూసి నవ్వు ఆపేశారు. నేను గడపలో పాపను ఎత్తుకుని నిలబడి ఉన్నాను. అప్పటికి నాకు తెలిసిపోయింది ఏం జరగబోతుందో.

మామగారు గొంతు పెంచలేదు. "నాది నొక్కింది నా కోడలు. నీది నొక్కింది నువ్వు. ఇద్దర్లో ఎవుర్ని నమ్మల్లో చెప్పు అశ్వత్థా."

అశ్వత్థప్పగారు తన తల్లి మీద ఒట్టు పెట్టుకున్నారు. గుడిలో దీపం ముందు చెప్తాను రమ్మన్నారు. మామగారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. రామాంజి మీ ఇంటికి వచ్చినాడంట గదా, నీ మనమడికి ఏం చేసిపెడతా అన్నాడు అని అడిగారు. గుర్తుకేస్తామని మొగం మిందే చెప్పి పోయినోళ్ళు నీకంటే మేలప్పా అన్నారు. ఆ మాటకు అశ్వత్థప్పగారు లేచి నిలబడ్డారు. పేపరును మడతపెట్టి మామగారి పక్కన పెట్టి దిగి వెళ్ళిపోయారు. తల తిప్పి ఒకసారి నావైపు చూశారు. కోపంగా కాదు. ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా చూశారు.

నేను అప్పుడే చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. నా భర్త అక్కడే ఉన్నాడు, పగటి వెలుగు, పాప నా చంకలో ఉంది. పాప ఏడ్చింది. ఏడుస్తున్నదని లోపలికి తీసుకుపోయాను. అది కూడా నాకు ఒక సాకు దొరికినట్టే అయింది.

వారం తర్వాత అశ్వత్థప్పగారు మళ్ళీ వచ్చారు. మామగారిని నా భర్త కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయిన పొద్దు. తెలిసే వచ్చి ఉంటారు. అరుగెక్కలేదు. కింద, చెప్పులు విడిచేచోట నిలబడ్డారు. ఎక్కి కూర్చోండి అయ్యవారూ అన్నాను. వద్దన్నారు.

"ఒకటే మాట అడిగి పోతానమ్మా," అన్నారు. "ఆ పొద్దు నువ్వు ఏది నొక్కినావు?"

"మామ చెప్పిందే నొక్కినాను."

"చివరిదేనా?"

"చివరిదే అయ్యవారూ."

"బాగా జ్ఞాపకం చేసుకో. మిషను కొత్త, కంగారు ఉంటాది. చెయ్యి జారిండొచ్చు. జారింటే తప్పేమీ లేదమ్మా. నేనే వానికి నిదానంగా చెప్తా. నిన్ను ఒక్క మాట అననియ్యను."

ఇంతకంటే తలుపు బార్లా తెరిచి ఎవరైనా పిలుస్తారా? జారింది అని నేను అంటే చాలు. అబద్ధమే, కానీ ఆయన్ను కాపాడే అబద్ధం. అది కూడా నా నోటికి రాలేదు.

"జారలేదు," అన్నాను. "చీటీ కూడా చూసినాను. నోటానే పడింది."

ఆయన చాలాసేపు నన్ను చూశారు. బళ్ళో పిల్లల్ని ముప్పై ఏళ్ళు చూసిన మనిషి. నిజం ఎక్కడుందో ఆయనకు తెలిసిపోయింది, ఆయనకు తెలిసిందని నాకు తెలిసింది.

"సరేలేమ్మా. వాడు నీ చేతి కూడు తింటాండాడు," అన్నారు చివరికి. "నిన్ను నమ్మకుంటే వానికి ఇంక దిక్కెవురుండారు. నేనైతే నా ఇంటికి పోయి తింటా."

అంతే అని వెళ్ళిపోయారు. ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆయన నాకోసం ఊరుకోలేదు. మామగారి కోసం ఊరుకున్నారు. చూపు లేని స్నేహితుడు, భార్య లేని స్నేహితుడు, తనను నడిపించే చేతినే అనుమానించి బతకాల్సి వస్తుందని, తానే అబద్ధాలకోరుగా మిగిలిపోవడానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన మామగారి గురించి గానీ, ఓటు గురించి గానీ ఎవరి దగ్గరా నోరెత్తలేదు. ఊళ్ళో మాత్రం మాట పాకింది. అయ్యవారు మాట తప్పినాడంట అని. బడిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే అన్నారు. గుళ్ళో ప్రసాదం ఇస్తుంటే ఒకడు, సత్యప్రమాణంగా ఇస్తాండావా అయ్యవారూ అని ఎగతాళి చేశాడట. నా భర్త ఇంటికొచ్చి చెప్పాడు. నేను రొట్టెలు కాలుస్తూ విన్నాను.

ఆ జూన్‌లో జాబితాలో నా భర్త పేరు వచ్చింది. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఎవరూ దానికి కారణం కాదు. మార్కుల ప్రకారం వేశారు, వచ్చింది. నేను భయపడినది ఏదీ జరగలేదు. నేను భయపడనిది జరిగింది.

ఏడాది లోపే అశ్వత్థప్పగారు శిడ్లఘట్టలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. పోయేముందు మా వీధి గుండా నడిచి వెళ్ళారు, అరుగు వైపు చూడలేదు. మామగారికి ఆ అడుగుల చప్పుడు తెలుసు. విని, ఎవరమ్మా పోయింది అని అడిగారు. ఎవరో మామా, తెలియదు అన్నాను. చూశారా, అబద్ధం అలవాటైపోతే ఎంత చిన్నవాటికి కూడా వస్తుందో.

పేపరు చదవడం నా పనైంది. కన్నడం నాకూ వచ్చు. ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఒక్కోసారి మామగారు, ఇది నీ మాటా పేపరుదా అని అడుగుతారు, పాత ఆట గుర్తొచ్చి. పేపరుదే మామా అంటాను. ఊఁ అని ఊరుకుంటారు.

రెండేళ్ళ క్రితం శిడ్లఘట్ట నుంచి ఫోన్ వచ్చింది. అశ్వత్థప్పగారు పోయారని. గుండె ఆగిపోయిందట. నా భర్త, పోదాం నాన్నా, కారు మాట్లాడతాను అన్నాడు. మామగారు రానన్నారు. నేనైనా పోవాల్సింది. పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంది అన్నాను. పాపకు ఏమీ లేదు. చనిపోయిన మనిషి మొహం చూసే ధైర్యం నాకు లేదు. నా బిడ్డను అడ్డం పెట్టుకుని ఎన్నిసార్లు తప్పించుకున్నానో, ఎప్పుడైనా ఆ బిడ్డకు చెప్పాల్సి వస్తుందేమో.

పదకొండో రోజు అనుకుంటాను, అన్నం పెట్టి పక్కన కూర్చున్నాను. మామగారు ముద్ద కలుపుతూ ఆగిపోయారు. నాతోనో, తనతోనో తెలియదు, అన్నారు.

"ఒక్కసారి తప్పైంది అనింటే అయిపోయేది గదా. నేనేమన్నా రాయినా? అయ్యిందిలే అని పక్కన కూచోబెట్టుకొనుంటా. సచ్చేదాకా ఒప్పుకోకపాయ."

ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. చెయ్యి ఎంగిలి.

నేను పక్కనే ఉన్నాను. ఒప్పుకుంటే క్షమిస్తానని ఆ మనిషి నాకు మూరెడు దూరంలో కూర్చుని చెబుతున్నాడు, చెప్పాల్సిన మనిషికే చెబుతున్నాడు, అది ఆయనకు తెలియదు. అప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే అప్పుడు క్షమాపణ నాకు దొరికేదేమో గానీ ఆయనకు ఏం మిగిలేది? యాభై ఏళ్ళ స్నేహితుణ్ణి తప్పు లేకుండా తరిమేశాను అని తెలుసుకుని, ఇంక వెళ్ళి కాళ్ళు పట్టుకోవడానికి ఆ మనిషి కూడా లేడని తెలుసుకుని, ఆ చీకట్లో ఎలా బతుకుతాడు? ఇలా నేను వాదించుకుంటాను. వాదన బాగానే ఉంటుంది. కానీ అశ్వత్థప్పగారు ఊరుకున్నదీ నేను ఊరుకున్నదీ ఒకటి కాదు. ఆయన పోగొట్టుకుని ఊరుకున్నారు. నేను పోగొట్టుకోకుండా ఉండటానికి ఊరుకుంటున్నాను.

మళ్ళీ ఎన్నికలు వస్తున్నాయి. ఈసారి కూడా టికెట్టు ఎవరికో అని అరుగు మీద మాటలు మొదలయ్యాయి. వచ్చేవాళ్ళు ఇప్పుడు ఇద్దరే. పార్టీ మీద కోపం అలాగే ఉంది, గొంతులే తగ్గాయి. నిన్న మామగారు వాళ్ళతో చెప్పారు, ఎవురికేసేదీ తర్వాత చూస్తాము, నాకు మాత్రం నా కోడలే రావల్ల, దాని చేత్తో పడితేనే నా ఓటు నాదైనట్టు అని. వాళ్ళు అవునవును అన్నారు. నేను కాఫీ గ్లాసులు అందించి లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ఇప్పుడు అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. రేపు పొద్దున చెబుతానా? తెలియదు. చెబుతానని మీకు మాట ఇస్తే అది ఇంకో అబద్ధమవుతుందేమోనని భయం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించాల్సింది కాదిది, క్షమించగలిగినవాళ్ళలో ఒకరు లేరు, ఒకరికి తెలియదు.

ఒక్కటి మాత్రం చేయగలను. మా ఊళ్ళో ఎవరి నోటా రాని వాక్యం ఒకటి ఉంది, దాన్ని నా చేత్తో రాయగలను.

ఆ రోజు మా మతగట్టెలో పడిన ఆ ఒక్క నోటా ఓటు అశ్వత్థప్పగారిది. ఆయన మాట తప్పలేదు.